వంద మీటర్ల అబద్ధం

1990 మార్చి నుంచి 2000 మే దాకా, మధ్యలో గల్ఫ్ యుద్ధం నాటి కొన్ని నెలలు మినహాయిస్తే, అమెరికా రక్షణ శాఖ తన ఉపగ్రహాల చేత కావాలని అబద్ధం చెప్పించింది. పెద్ద అబద్ధం కాదు. చేతిలో జీపీఎస్ పరికరం పట్టుకుని అడవిలో నిలబడ్డ మనిషికి, అతనున్న చోటు నుంచి ఓ వంద మీటర్లు అటో ఇటో చూపించేది. అతను కదలకుండా ఒక రాయి మీద కూర్చున్నా సరే, తెర మీద అంకెలు మాత్రం తమ పాటికి తాము నడుస్తూనే ఉండేవి. దీనికి పెట్టిన అధికారిక నామం సెలెక్టివ్ అవైలబిలిటీ. ఎంపిక చేసినవారికే లభ్యం అన్నమాట. ప్రభుత్వాలకి ఇలాంటి పేర్లు భలే దొరుకుతాయి.

ఇవాళ ఫోన్‌లో నీలం చుక్క మనం నిలబడ్డ వీధి మలుపులోనే వెలుగుతుంది. అది ఆకాశం ఉన్నంత సహజంగా అనిపిస్తుంది. అందుకే ఆ చుక్క ఎంత పెద్దదిగా ఉండాలో ఒకప్పుడు ఒక ప్రభుత్వం నిర్ణయించేదని, ఆ నిర్ణయాన్ని ఒక రాత్రిలో మార్చుకుందని చెబితే నమ్మబుద్ధి కాదు. ఈ చరిత్రని ఫోన్ వైపు నుంచి కాకుండా, కొండలెక్కేవాళ్ళూ పడవలేసుకుని తిరిగేవాళ్ళూ జేబులో పెట్టుకున్న చేతి పరికరం వైపు నుంచి చూస్తే బాగా అర్థమవుతుందని నాకనిపిస్తుంది. ఫోన్ మనకి మ్యాపు చూపించి అంకెల్ని దాచేస్తుంది. పాత చేతి పరికరంలో అంకెలు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. అబద్ధమైనా నిజమైనా కళ్ళెదుటే ఉండేది.

కథ మొదలైంది ఒక కుతూహలంతో. 1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ని పంపింది. అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయపు అప్లైడ్ ఫిజిక్స్ లేబొరేటరీలో విలియం గయర్, జార్జ్ వైఫెన్‌బాక్ అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు రేడియో పెట్టుకుని దాని కూత వినడం మొదలుపెట్టారు. రైలు మన ముందునుంచి దూసుకుపోతున్నప్పుడు హారన్ స్థాయి మారుతుంది కదా, అలాగే స్పుత్నిక్ కూత కూడా మారుతోంది. ఆ మార్పుని కొలిచి, తాము కూర్చున్న చోటు నుంచే ఉపగ్రహం ఏ కక్ష్యలో తిరుగుతోందో లెక్కగట్టేశారు. కొన్ని నెలలకి వాళ్ళ పై అధికారి ఫ్రాంక్ మెక్‌క్లూర్ ఆ లెక్కని తిరగేశాడు. మనమెక్కడున్నామో తెలిస్తే ఉపగ్రహం ఎక్కడుందో తేలింది సరే. ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలిస్తే, మనమెక్కడున్నామో తేలదా? అమెరికా నౌకాదళానికి అప్పుడు కావలసింది సరిగ్గా అదే. నడిసముద్రంలో ఉన్న జలాంతర్గామికి తన చోటు తనకి తెలియకపోతే, క్షిపణి గురి కుదరదు. అలా ట్రాన్సిట్ అనే వ్యవస్థ పుట్టింది. దాని తర్వాతి తరమే జీపీఎస్. 1973లో బ్రాడ్‌ఫర్డ్ పార్కిన్‌సన్ నాయకత్వంలోని బృందం దాని రూపురేఖలు ఖాయం చేసింది. 1978 ఫిబ్రవరిలో మొదటి ఉపగ్రహం ఎగిరింది.

ఇక్కడ ఓ చిన్న లెక్క అవసరం. జీపీఎస్ ఉపగ్రహం చేసే పని మన ఊరి గడియార స్తంభం చేసే పనే. తనలో ఉన్న అణు గడియారం ప్రకారం ఇప్పుడు టైమెంతో, తానెక్కడున్నానో, దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి చాటుతూ ఉంటుంది. మన చేతిలోని పరికరం ఆ చాటింపు తనని చేరడానికి ఎంతసేపు పట్టిందో చూసి దూరం లెక్కగడుతుంది. మూడు ఉపగ్రహాల నుంచి దూరాలు తెలిస్తే మన చోటు తేలుతుంది. నాలుగోది ఎందుకంటే, మన పరికరంలోని చవక గడియారం తప్పుని సరిదిద్దడానికి. అంతే. ఈ మొత్తం తతంగంలో పరికరం ఉపగ్రహానికి తిరిగి ఒక్క మాటా చెప్పదు. రేడియోలో వార్తలు వింటున్నవాణ్ణి ఆకాశవాణి ఎలా కనిపెట్టలేదో, మనల్ని జీపీఎస్ ఉపగ్రహం కూడా అలాగే కనిపెట్టలేదు. ఈ తేడా ముందు ముందు మనకి పనికొస్తుంది.

రేడియో తరంగం ఒక మైక్రోసెకండ్‌లో మూడు వందల మీటర్లు పోతుంది. అంటే మనిషిని వంద మీటర్లు పక్కకి జరపాలంటే, పైనున్న గడియారాన్ని మైక్రోసెకండ్‌లో మూడో వంతు కదిలిస్తే చాలు. సెలెక్టివ్ అవైలబిలిటీ చేసింది ఇదే. అసలు డిజైన్‌లోనే రెండు సంకేతాలున్నాయి. సైన్యానికి గుప్త సంకేతం, మిగతా లోకానికి మోటు సంకేతం. ఆ మోటుది వంద మీటర్ల తేడాతో పనిచేస్తుందని మొదట్లో అనుకున్నారు. తీరా పరీక్షించి చూస్తే అది పాతిక ముప్పై మీటర్లలోకి వచ్చేస్తోంది. ఇంజనీర్లు అనుకున్నదానికన్నా బాగా పని చేశారు. దాంతో సైన్యం కంగారుపడింది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కనుక నాకిది వింతగా తోస్తుంది. ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేయడమే బగ్ అనుకుని, దాన్ని సరిచేయడానికి తప్పుని జాగ్రత్తగా తయారుచేసి ఎక్కించారన్నమాట.

ఈ కథలో అందరూ చెప్పే మలుపు 1983. సెప్టెంబర్ 1న దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్ళిన కొరియన్ ఎయిర్ లైన్స్ 007 విమానాన్ని సోవియట్ యుద్ధ విమానం కూల్చింది. 269 మంది చనిపోయారు. రెండు వారాల తర్వాత రీగన్ ప్రభుత్వం, జీపీఎస్ సిద్ధమయ్యాక పౌర విమానాలకి ఉచితంగా ఇస్తామని ప్రకటించింది. 'ఆ విషాదం వల్లే జీపీఎస్ మనకి దక్కింది' అని రాసేస్తుంటారు. అది సగం నిజం. పౌర సంకేతం అంతకుముందే డిజైన్‌లో ఉంది. రీగన్ ఇచ్చింది సంకేతం కాదు, మాట. మాట కూడా చిన్నదేమీ కాదు. దాన్ని నమ్మి కంపెనీలు డబ్బు పెట్టాయి. కానీ ఆ మాట ఇచ్చిన ఏడేళ్ళలోపే గడియారాలని కదిలించడం మొదలుపెట్టారు. ఇచ్చిన చెయ్యీ, వెనక్కి లాక్కున్న చెయ్యీ ఒకటే.

చేతి పరికరం ఈ రెండింటి మధ్యలో పుట్టింది. 1989లో మెజెల్లాన్ కంపెనీ నావ్ 1000 అనే పరికరాన్ని మార్కెట్లోకి తెచ్చింది. మామూలు జనం కొనుక్కోగలిగిన మొదటి చేతి జీపీఎస్ అదే. కొనుక్కోగలిగిన అంటే, ధర సుమారు 3,000 డాలర్లు. ముందుగా కొన్నది పడవలవాళ్ళు. సముద్రంలో వంద మీటర్ల తేడాతో పెద్ద ఇబ్బంది లేదు, పైగా ఆకాశానికి చెట్లు అడ్డం రావు. అదే ఏడాది కాన్సస్ రాష్ట్రంలో గ్యారీ బరెల్, మిన్ కావ్ కలిసి ఒక కంపెనీ పెట్టారు. తర్వాత ఇద్దరి పేర్లలోని ముక్కలు అతికించి దాన్ని గార్మిన్ అన్నారు. అప్పటికింకా ఆకాశంలో ఉపగ్రహాలు పూర్తిగా లేవు. 24 ఉపగ్రహాల వ్యవస్థ పూర్తయిందని ప్రకటించింది 1995లో.

ఇంతలో 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించింది. అమెరికా సైన్యం ఎడారిలోకి దిగింది. ఎడారిలో గుర్తులుండవు, దారులుండవు. సైనిక జీపీఎస్ పరికరాలు చాలినన్ని లేవు. దాంతో పడవలవాళ్ళ కోసం, కొండలెక్కేవాళ్ళ కోసం తయారైన పౌర పరికరాలనే సైన్యం వేలల్లో కొంది. కొందరు సైనికులకి ఇంటివాళ్ళే కొని పోస్టులో పంపారు. అప్పుడు తెలిసొచ్చింది, శత్రువుకోసం చెప్పిన అబద్ధం ముందు తమవాళ్ళనే దారి తప్పిస్తుందని. యుద్ధం జరిగినన్నాళ్ళూ సెలెక్టివ్ అవైలబిలిటీని ఆపేశారు. అయిపోయాక మళ్ళీ పెట్టారు.

అసలు విడ్డూరం ఆ తర్వాత జరిగింది. ఓడలు రేవుల్లోకి క్షేమంగా రావాలి కాబట్టి అమెరికా కోస్ట్ గార్డ్ ఒడ్డున స్టేషన్లు కట్టింది. ప్రతి స్టేషన్‌కీ తానెక్కడుందో ఖచ్చితంగా తెలుసు. జీపీఎస్ చెప్పేదానితో పోల్చి, ఈ క్షణాన అబద్ధం ఎంతో లెక్కగట్టి, ఆ సవరణని రేడియోలో చాటేది. డిఫరెన్షియల్ జీపీఎస్ అంటే ఇదే. ప్రజల డబ్బుతో ఒక శాఖ పాలల్లో నీళ్ళు కలుపుతుంటే, అదే డబ్బుతో ఇంకో శాఖ హంసలా కూర్చుని పాలూ నీళ్ళూ వేరుచేసింది. ఇలా కొన్నేళ్ళు నడిచింది.

నేలమీద నడిచేవాడికి ఆ సవరణ యంత్రాల భారం మోసే ఓపిక ఉండేది కాదు. వాడికి మిగిలింది వంద మీటర్ల వృత్తం. దాన్ని మన లెక్కలో చెప్పుకుందాం. వంద మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం దాదాపు ఎనిమిదెకరాలు. మీ గుడారం ఆ ఎనిమిదెకరాల్లో ఎక్కడో ఉందని పరికరం చెబుతుంది. పొగమంచు పట్టిన కొండమీద, చీకటి పడుతున్న అడవిలో, ఎనిమిదెకరాలంటే తక్కువేం కాదు. దారి చీలిన చోట ఏ చీలికలో ఉన్నామో కూడా తెలియదు. కాబట్టి తొంభైల్లో కొండలెక్కేవాళ్ళు జీపీఎస్‌ని ఒక సలహాదారుగానే ఉంచుకున్నారు. అసలు పని కాగితం మ్యాపూ దిక్సూచీ చేసేవి.

అలాంటి కాలంలోనే ఒక తమాషా ఆట మొదలైంది. 1996లో అలెక్స్ జారెట్ అనే అతను అక్షాంశం, రేఖాంశం రెండూ పూర్ణాంకాలయ్యే చోటికి వెళ్ళి ఫోటో తీసుకోవాలనుకున్నాడు. న్యూ హాంప్‌షైర్‌లో 43, 72 కలిసే బిందువుతో మొదలుపెట్టాడు. డిగ్రీ కాన్‌ఫ్లుయెన్స్ ప్రాజెక్ట్ అని పేరు. ప్రపంచంలో అలాంటి ప్రతి బిందువునీ ఎవరో ఒకరు చేరాలని ఉద్దేశం. మన దగ్గరా ఉన్నాయవి. నల్లగొండకి పడమట 17, 79 కలుస్తాయి. నరసరావుపేటకి దక్షిణాన 16, 80 కలుస్తాయి. అక్కడ ఏ గుడీ ఉండనక్కర్లేదు, ఏ జలపాతమూ ఉండనక్కర్లేదు. అంకెలు గుండ్రంగా ఉండటమే ఆ చోటి మహత్యం. కొత్త పరికరమొస్తే మనిషి దానితో కొత్త తీర్థాలు కల్పించుకుంటాడని నాకు దీన్ని చూస్తే అనిపిస్తుంది.

2000 మే 1న అధ్యక్షుడు క్లింటన్ సెలెక్టివ్ అవైలబిలిటీ ఆపేస్తున్నట్టు ప్రకటించాడు. ఆ అర్ధరాత్రి ఆపేశారు. ఎవరూ కొత్త పరికరం కొనలేదు, ఏ సాఫ్ట్‌వేరూ మార్చలేదు. తెర మీద నడుస్తున్న అంకెలు నిలబడ్డాయి. వంద మీటర్ల వృత్తం ఇరవై మీటర్లలోకి వచ్చింది. ఎనిమిదెకరాలు ఒక్కసారిగా పన్నెండు గుంటలైంది. ఆంధ్రలో చెప్పుకోవాలంటే ముప్పై సెంట్లు.

ఎందుకు ఆపారు? విమానయానం, వ్యాపారం, అత్యవసర సేవలు అన్నీ దీనిమీదే ఆధారపడుతున్నాయి. కోస్ట్ గార్డ్ లాంటి వాళ్ళ పుణ్యమా అని అబద్ధం ఎలాగూ పనిచేయడం లేదు. ఇంకో కారణం ఆ ప్రకటనలోనే ఉంది. అవసరమైతే ఒక ప్రాంతంలో మాత్రమే జీపీఎస్ అందకుండా చేయగల సామర్థ్యాన్ని సైన్యం సంపాదించింది. అంటే స్విచ్ తీసేయలేదు. ఒక గదిలోంచి తీసి ఇంకో గదిలో పెట్టారు. ఆ రాత్రి సంబరపడ్డవాళ్ళలో ఈ వాక్యం దగ్గర ఆగినవాళ్ళు తక్కువ.

సంబరపడ్డవాళ్ళలో డేవ్ అల్మర్ ఒకడు. ఆరెగన్ రాష్ట్రంలో ఉండే కంప్యూటర్ నిపుణుడు. మే 3న, అంటే స్విచ్ ఆపిన మర్నాడు, పోర్ట్‌లాండ్ దగ్గర బీవర్‌క్రీక్ అడవుల్లో ఒక నల్లటి ప్లాస్టిక్ బకెట్‌ని సగం పూడ్చిపెట్టాడు. అందులో కొన్ని పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ డిస్కులు, ఒక వీడియో క్యాసెట్, కాస్త డబ్బు, వడిసెల లాంటిదొకటి, ఒక చిక్కుడుగింజల డబ్బా. బకెట్ ఉన్న చోటుని డిగ్రీలూ నిమిషాల్లో ఇంటర్నెట్‌లోని ఒక జీపీఎస్ చర్చా బృందంలో రాశాడు. నిబంధన ఒక్కటే: ఏదైనా తీసుకుంటే ఏదైనా పెట్టాలి. కొద్ది రోజుల్లోనే మైక్ టీగ్ అనే అతను దాన్ని కనిపెట్టాడు. నెల తిరిగేలోపు మ్యాట్ స్టమ్ ఈ ఆటకి జియోక్యాషింగ్ అని పేరు సూచించాడు. సెప్టెంబర్‌లో జెరెమీ ఐరిష్ దానికో వెబ్‌సైట్ పెట్టేనాటికి జాబితాలో 75 డబ్బాలున్నాయి. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ముప్పై లక్షలకి పైనే ఉన్నాయి.

నేను చాలాసార్లు ఆగి ఆలోచించేది ఇక్కడే. పదేళ్ళపాటు ప్రభుత్వం ప్రతి చోటునీ వంద మీటర్ల తెర వెనక దాచింది. ఆ తెర తీసిన మూడో రోజుకల్లా జనం తమంతట తామే ఒక బకెట్‌ని తీసుకెళ్ళి దాచారు. ఖచ్చితత్వం చేతికందగానే దానితో చేసిన మొదటి పని దాగుడుమూతలు! ఇందులో వెర్రి ఉంది కానీ, తెలివితక్కువతనం లేదు. ప్రభుత్వం దాచినప్పుడు వెతకడానికి హక్కు లేదు. తోటివాడు దాచినప్పుడు వెతకడమే ఆహ్వానం. ఈ ఆటకి పూర్వరూపం ఇంగ్లండ్‌లోని డార్ట్‌మూర్‌లో పందొమ్మిదో శతాబ్దం నుంచే ఉంది. 1854లో జేమ్స్ పెరట్ అనే గైడు క్రాన్‌మియర్ పూల్ దగ్గర ఒక సీసా పెట్టి, అంతదూరం నడిచి వచ్చినవాళ్ళని అందులో తమ కార్డు వేసిపొమ్మన్నాడు. అల్మర్ బకెట్‌కి అది తాత వరస.

ఆ ఆటలో పరికరం ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. నా దగ్గర అప్పటి పసుపురంగు గార్మిన్ ఈట్రెక్స్ ఒకటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. 2000లో వచ్చిన మోడల్. రెండు పెన్సిల్ సెల్స్‌తో ఒక రోజంతా పనిచేస్తుంది. అందులో మ్యాపు లేదు. నడిచిన దారిని చుక్కల వరసగా గీస్తుంది, చేరాల్సిన చోటికి ఒక బాణం చూపిస్తుంది, అంతే. ఆ బాణం కాకి ఎగిరే దారి చూపిస్తుంది. మధ్యలో లోయుందో వాగుందో దానికి తెలియదు. దట్టమైన చెట్ల కింద, రాతిగోడల పక్కన సంకేతం తగిలి తిరిగొచ్చి అంకెలు చెదురుతాయి. డబ్బాలు వెతికేవాళ్ళు చివరి ఇరవై మీటర్లలో పరికరాన్ని జేబులో పెట్టేస్తారు. అక్కణ్ణుంచి కళ్ళదే పని. ఎక్కడున్నావో తెలియడం వేరు, ఎటు పోవాలో తెలియడం వేరు. మొదటిదాన్ని మాత్రమే జీపీఎస్ ఇస్తుంది.

ఇక మూడోది ఒకటుంది, నేనిక్కడున్నానని ఇంకొకరికి చెప్పగలగడం. పరికరం వింటుందే తప్ప మాట్లాడదని చెప్పాను కదా. చోటు తెలిసినా, ఫోన్ సిగ్నల్ లేని అడవిలో దాన్ని ఎవరికీ చేరవేయలేకపోతే ఆ అంకెలు కాగితం మీది అంకెలే. ఆ లోటు తీర్చడానికే ఉపగ్రహం ద్వారా సందేశం పంపగల పరికరాలొచ్చాయి. 2011లో వచ్చిన ఇన్‌రీచ్ వాటిలో బాగా తెలిసింది. ఇక్కడ కథ మళ్ళీ అనుమతుల దగ్గరికొచ్చింది. మన దేశంలో అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లూ, ఇలాంటి సందేశ పరికరాలూ దగ్గర పెట్టుకోవడం నేరం. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడ్డ విదేశీ పర్యాటకులున్నారు. అమెరికాలో వారాంతాల్లో కొండలెక్కే మన తెలుగువాళ్ళు, హిమాలయాలకని అదే బ్యాగు సర్దుకునేముందు ఇది గుర్తుంచుకోవాలి. వినే పరికరానికి చట్టంతో పేచీ లేదు. మాట్లాడేదానితోనే.

మన దగ్గర వినేదానికీ ఇంకో చిక్కు ఉండేది: మ్యాపు. పాత ఈట్రెక్స్ సెటప్ మెనూలో డేటమ్ అని ఒక జాబితా ఉంటుంది. భూమిని ఏ ఆకారంగా ఊహించి ఈ మ్యాపు గీశారన్న ప్రశ్నకి జవాబు అది. అందులో 'ఇండియన్' అని మొదలయ్యే పేర్లు కనిపిస్తాయి. వాటి వెనకున్నది ఎవరెస్ట్ 1830 అనే దీర్ఘగోళం. 1818లో హైదరాబాదుకి వచ్చి విలియం లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరి, మర్నాడు ఏడాది కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచంపట్టిన జార్జ్ ఎవరెస్టే ఆ ఎవరెస్ట్. మన పాత సర్వే పటాలన్నీ ఆ లెక్కమీద గీసినవే. జీపీఎస్ లెక్క వేరు. మెనూలో సరైన పేరు ఎంచుకోకుండా అంకెల్ని పటం మీద పెడితే వంద మీటర్లకి పైగా తేడా రావచ్చు. మళ్ళీ ఆ వంద మీటర్లే! కాకపోతే ఇది అబద్ధం కాదు, రెండు నిజాల మధ్య దూరం. ఆ పటాలైనా మామూలు నడకరికి సులువుగా దొరికేవి కావు. 2005 జాతీయ పటాల విధానం పౌరులకి, సైన్యానికి వేర్వేరు పటాలుంటాయని తేల్చి, పౌర పటాలని జీపీఎస్ లెక్కలోకి మార్చింది. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో మిగిలిన ఆంక్షలు చాలావరకు సడలాయి. మోటు సంకేతం, గుప్త సంకేతం అని అమెరికా ఆకాశంలో చేసిన విభజనే, మనం కాగితం మీద చేసుకున్నాం.

1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు అమెరికా మనకి జీపీఎస్ సమాచారం ఇవ్వలేదన్న మాట బాగా ప్రచారంలో ఉంది. చెప్పే తీరులో ఒక సవరణ అవసరం. పౌర సంకేతం అప్పుడూ ప్రపంచమంతటికీ వస్తూనే ఉంది, వంద మీటర్ల అబద్ధంతో సహా. అందనిది గుప్త సంకేతం. కొండ శిఖరాల మధ్య యుద్ధంలో వంద మీటర్లంటే శిఖరం అవతలా ఇవతలా. కాబట్టి 'ఇవ్వలేదు' అన్నదానికన్నా, ఇంత వరకే ఇచ్చారు అనడం సరైనది. నావిక్ అనే సొంత వ్యవస్థ అవసరాన్ని ఈ మాటే బాగా చెబుతుంది. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలైలో శ్రీహరికోట నుంచి వెళ్ళింది. కొన్ని ఉపగ్రహాల్లో విదేశీ అణు గడియారాలు పాడయ్యాయి. 2023 మేలో అక్కణ్ణుంచే వెళ్ళిన ఎన్‌వీఎస్-01లో మన దగ్గర తయారైన రుబిడియం గడియారం ఉంది. మొత్తం గొడవ గడియారాల గురించే అయినప్పుడు, గడియారం మనదై ఉండటం చిన్న విషయం కాదు.

2007లో అమెరికా ఇంకో అడుగు వేసింది. కొత్త తరం జీపీఎస్ ఉపగ్రహాల్లో సెలెక్టివ్ అవైలబిలిటీ సదుపాయమే ఉండదని ప్రకటించింది. అప్పటికి రష్యాకి గ్లొనాస్ ఉంది, యూరప్ గెలీలియో కడుతోంది, చైనా బైడూ కడుతోంది. అబద్ధం చెప్పే దుకాణం పక్కన ఇంకో మూడు దుకాణాలు తెరుచుకుంటే ఎవరు కొంటారు? ఈ నిజాయితీ వెనక మంచితనం ఎంతుందో పోటీ అంతకన్నా ఎక్కువ ఉంది. ఇవాళ ఒక మామూలు ఫోన్ నాలుగైదు దేశాల గడియారాల్ని ఒకేసారి వింటుంది. మరోవైపు, యుద్ధాలు జరుగుతున్న చోట్లకి చుట్టుపక్కల ఎగిరే పౌర విమానాలకి జీపీఎస్ సంకేతాలు చెదిరిపోవడం, దొంగ సంకేతాలు రావడం మామూలైపోయింది. 2000లో ఇంకో గదిలోకి మారిన స్విచ్, ఇప్పుడు చాలామంది ఇళ్ళల్లో ఉంది.

అందుకే నాకు పాత చేతి పరికరంలో ఒక చిన్న సంగతి నచ్చుతుంది. ఉపగ్రహాలు చూపించే పేజీలో పైన ఒక అంకె ఉంటుంది: నేను చెప్పేదాంట్లో ఇన్ని మీటర్ల తేడా ఉండొచ్చు అని. బయట మైదానంలో అది అయిదో ఆరో. చెట్టు కిందకి వెళ్తే పదిహేను, ఇరవై. ఫోన్ దీన్నే నీలం చుక్క చుట్టూ లేత రంగు వలయంగా గీస్తుంది కానీ, దాన్నెవరూ చదవరు. కొండల్లోకి వెళ్ళేవాళ్ళు మాత్రం ముందు ఆ అంకె చదివి, తర్వాతే బాణం వైపు చూస్తారు.